మోటారు తిరుగుతోంది సరే, అవతలి షాఫ్టు తిరుగుతోందా?

సంపాదకులకు నమస్కారం.

కర్మాగారంలో మంటలు లేచాయంటే మర్నాటి వార్తలో ‘షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా భావిస్తున్నారు’ అన్న వాక్యం దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కానీ బకెట్ ఎలివేటర్లు (బెల్టుకు తగిలించిన బకెట్లతో సరుకును పైకెత్తేవి), బెల్టు కన్వేయర్లు, స్క్రూ కన్వేయర్లు (మర లాంటి షాఫ్టుతో సరుకును నెట్టేవి), మిల్లులు, టర్బైన్లు ఉన్న చోట విలేకరులు, విచారణకు వచ్చిన అధికారులు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. యంత్రం షాఫ్టు (తిరిగే ఇరుసు) ఎంత వేగంతో తిరుగుతోందో కనిపెట్టే పరికరం అక్కడ ఉందా? ఉంటే ఆ రోజు పనిచేస్తోందా, లేక ఎవరైనా తీగ ముక్కతో దాన్ని బైపాస్ చేసి (పనిచేయకుండా పక్కన పెట్టి) వదిలేశారా? ఈ ప్రశ్న వార్తల్లో మాకు ఎక్కడా కనిపించదు. పరికరం ఖరీదైనదేమీ కాదు, అమర్చడం కష్టమూ కాదు. అయినా చాలాచోట్ల ఉండాల్సిన చోట ఉండదు, ఉన్నచోట చేయాల్సిన పని చేయదు. ఎందుకిలా జరుగుతుందో, సరిగా ఎలా అమర్చాలో పాఠకులకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

కంట్రోల్ రూమ్‌లో పచ్చ దీపం వెలుగుతోందంటే మోటారుకు కరెంటు ఇచ్చే కాంటాక్టర్ పట్టుకుందని మాత్రమే అర్థం. ఆ మోటారు వెనక కప్లింగు (రెండు షాఫ్టులను కలిపేది), గేర్‌బాక్సు, చెయినో బెల్టో, చిట్టచివర అసలు పని చేసే షాఫ్టు ఉంటాయి. వీటిలో ఏది విరిగినా, తెగినా, జారినా దీపం పచ్చగానే ఉంటుంది. ఆంపియర్ మీటరు ఉందిగా అనుకోవడానికీ లేదు. బెల్టు తెగితే కరెంటు పడిపోతుంది. ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మితిమీరితే మోటారును ఆపే స్విచ్) కరెంటు పెరగడాన్ని పట్టుకుంటుందే గాని, తగ్గడాన్ని పట్టించుకోదు. బెల్టు జారుతున్నప్పుడు పరిస్థితి మరీ మోసం చేస్తుంది. జారుతున్న పుల్లీ రాపిడి ఇచ్చినంత బలంతోనే లాగగలదు కాబట్టి, మోటారుకు అదేమీ మోయలేని బరువు కాదు. మీటరు ముల్లు రోజూ ఉండే చోటే కాస్త అటో ఇటో నిలబడి ఉంటుంది. లోపల మాత్రం బెల్టు కాలుతూ ఉంటుంది.

బకెట్ ఎలివేటర్‌నే తీసుకోండి. అడుగున బూటులో (కింది పెట్టెలో) పొడి సరుకు పేరుకుపోయి బకెట్లు అందులో కూరుకుంటాయి. పైన హెడ్ పుల్లీని (పై చక్రాన్ని) మోటారు తిప్పుతూనే ఉంటుంది. బెల్టు మాత్రం వెనకబడుతుంది. పుల్లీ వేగానికీ బెల్టు వేగానికీ మధ్య తేడా 20 శాతం ఉందనుకుంటే, పుల్లీకి చేరే శక్తిలో 20 శాతం పుల్లీ ముఖం మీదే వేడిగా మారుతుంది. పుల్లీకి 22 కిలోవాట్లు అందుతుంటే 4.4 కిలోవాట్లు వేడికే పోతాయి. అంటే నీళ్లు కాచే ఒకటిన్నర కిలోవాట్ల హీటర్లు మూడింటిని ఆ రబ్బరు పట్టీకి ఆనించి పెట్టినట్టే. బెల్టు పూర్తిగా నిలిచిపోతే పుల్లీ దాకా వచ్చే శక్తి అంతా వేడే. పుల్లీ మీది రబ్బరు పొర మెత్తబడి, నల్లటి పొడిగా రాలి, అంచులు పొగలు కక్కుతాయి. ఆ గొట్టం నిండా గాలిలో తేలే సన్నని ధూళి ఉంటుంది. అది ధాన్యం ధూళి అయినా, బొగ్గు ధూళి అయినా, పిండి అయినా ఒకటే. నిప్పు, ధూళి, మూసిన గొట్టం ఒక్కచోట కలిస్తే మంటతో ఆగదు, పేలుతుంది. అందుకే అమెరికాలో ధాన్యం నిల్వ కేంద్రాల కోసం 1987లో తెచ్చిన భద్రతా నిబంధన, పెద్ద కేంద్రాల్లోని బకెట్ ఎలివేటర్లకు కదలికను గుర్తించే పరికరం తప్పనిసరి చేసింది. బెల్టు వేగం మామూలు వేగం కంటే 20 శాతం పడిపోయేలోపే ఆ పరికరం యంత్రాన్ని ఆపెయ్యాలి.

ఈ 20 శాతం అన్న మాటలోనే చాలామంది పొరపడతారు. ‘మా దగ్గర జీరో స్పీడ్ స్విచ్ ఉంది’ అంటారు. షాఫ్టు పూర్తిగా ఆగినప్పుడు మాత్రమే చెప్పేది జీరో స్పీడ్ స్విచ్. దాన్ని 5 ఆర్‌పీఎం (నిమిషానికి 5 చుట్లు) దగ్గర పెట్టి ఉంచితే, 75 ఆర్‌పీఎం తిరగాల్సిన పుల్లీ 30కి పడిపోయినా అది కిమ్మనదు. బెల్టు పూర్తిగా ఆగేలోపు కాలాల్సినంతా కాలిపోతుంది. అక్కడ కావాల్సింది అండర్‌స్పీడ్ రిలే, అంటే వేగం ఒక హద్దు కంటే తగ్గగానే చెప్పేది. 75 ఆర్‌పీఎం యంత్రానికి 67 దగ్గర హెచ్చరిక, 60 దగ్గర ట్రిప్ (యంత్రాన్ని ఆపెయ్యడం) పెట్టాలి. పేరుకు రెండూ ఒకేలాంటి డబ్బాలే అయినా చేసే పని వేరు.

ఇక ఎక్కడ అమర్చాలన్నది అన్నిటికంటే ముఖ్యం. తప్పులు ఎక్కువగా జరిగేదీ అక్కడే. సెన్సర్ ఎప్పుడూ శక్తి చేరే చిట్టచివరి షాఫ్టు దగ్గర ఉండాలి. ఎలివేటర్‌కు, బెల్టు కన్వేయర్‌కు టెయిల్ పుల్లీ షాఫ్టు దగ్గర, అంటే బెల్టు తిప్పితే తప్ప తిరగని పుల్లీ దగ్గర పెట్టాలి. హెడ్ పుల్లీ దగ్గర నిచ్చెన, ప్లాట్‌ఫారం, కేబుల్ అన్నీ అందుబాటులో ఉంటాయి కాబట్టి అక్కడే బిగించేస్తుంటారు. బెల్టు తెగి కింద కుప్పగా పడినా హెడ్ పుల్లీ హాయిగా తిరుగుతుంది, సెన్సర్ అంతా బాగుందనే చెబుతుంది. స్క్రూ కన్వేయర్‌లో మోటారు ఒక చివర ఉంటే సెన్సర్ రెండో చివర ఉండాలి. మధ్యలో షాఫ్టును మోసే హ్యాంగర్ బేరింగు దగ్గర కప్లింగు బోల్టు తెగితే మోటారు వైపు సగం తిరుగుతూనే ఉంటుంది, అవతలి సగం ఆగిపోయి సరుకు గడ్డకడుతుంది. రోటరీ ఎయిర్‌లాక్‌కు (గాలి పోకుండా సరుకును వదిలే తిరుగుడు వాల్వుకు) చెయిన్ స్ప్రాకెట్ (పళ్ల చక్రం) లేని వైపు షాఫ్టు చివర పెట్టాలి. కలిపే తెడ్లున్న రియాక్టర్‌కు గేర్‌బాక్సు దిగువన, కప్లింగు కింది భాగం దగ్గర పెట్టాలి.

ఫ్లూయిడ్ కప్లింగు, అంటే నూనె ద్వారా శక్తిని అందించే కప్లింగు, ఉన్న చోట ఇది ఇంకా అవసరం. మామూలుగా ఆ కప్లింగులో రెండు నుంచి నాలుగు శాతం జారుడు ఉంటుంది. మోటారు 1480 ఆర్‌పీఎం తిరిగితే అవతలి వైపు 1440 చుట్టుపక్కల ఉంటుంది. యంత్రం ఇరుక్కుపోతే అవతలి వైపు ఆగిపోతుంది గాని మోటారు ఆగదు, శక్తంతా కప్లింగులోని నూనెను మరిగిస్తుంది. చివరికి ఫ్యూజిబుల్ ప్లగ్గు (వేడికి కరిగే బిరడా) కరిగి, మరుగుతున్న నూనె చుట్టూ చిమ్ముతుంది. ఆ ప్లగ్గు ఆఖరి రక్షణ. దాన్నే రోజువారీ రక్షణగా వాడుకోకూడదు. అవతలి షాఫ్టు మీద స్పీడ్ సెన్సర్ ఉంటే, జారుడు పెరిగిన కొద్ది సెకన్లకే మోటారు ఆగిపోతుంది, నూనె బయటికి రాదు, దారినపోయే మనిషికి కాలదు.

సెన్సర్ విషయానికొస్తే, షాఫ్టుతో తిరిగే చక్రం మీది బోల్టు తల ఎదురుగా వచ్చినప్పుడల్లా అది ఒక పల్సు (క్షణకాలపు విద్యుత్ సంకేతం) ఇస్తుంది. ధూళి, గ్రీజు, తడి ఉండే చోట ఇండక్టివ్ ప్రాక్సిమిటీ స్విచ్ (తాకకుండానే ఎదురుగా లోహం ఉందో లేదో చూసేది) మంచిది. కాంతి సెన్సర్ అద్దం మీద ధూళి పడితే గుడ్డిదవుతుంది. మాగ్నెటిక్ పికప్‌కు (అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసే సెన్సర్‌కు) బయటి కరెంటు అక్కర్లేదు గానీ, దాని సంకేతం బలం షాఫ్టు వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం బాగా తగ్గితే సంకేతం అంతరించిపోతుంది కాబట్టి నెమ్మదిగా తిరిగే షాఫ్టులకు పనికిరాదు. ప్రాక్సిమిటీకి, హాల్ సెన్సర్‌కు (అయస్కాంత క్షేత్రాన్ని గుర్తించేదానికి) ఆ బెడద లేదు.

ప్రాక్సిమిటీ స్విచ్ మీద ముద్రించే దూరాన్ని యథాతథంగా నమ్మకండి. 18 మిల్లీమీటర్ల ఒంటి మందం ఉన్న ఫ్లష్ రకానికి (ముఖం దాకా లోహంలో దించి బిగించగలదానికి) 5 మిల్లీమీటర్లు, 30 మిల్లీమీటర్ల దానికి 10 మిల్లీమీటర్లు అని ఉంటుంది. వేడిమి, వోల్టేజి మార్పులన్నీ తట్టుకుని ఖాయంగా పనిచేసే దూరం అందులో 81 శాతమే. అంటే 5కి దాదాపు 4, 10కి దాదాపు 8. అదీ ఎదురుగా ఉన్నది మెత్తటి ఉక్కు అయితేనే. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే సుమారు 0.7 రెట్లు, అల్యూమినియం అయితే 0.4 రెట్లు, రాగి అయితే 0.3 రెట్లకు పడిపోతుంది. తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ బోల్టులు వేసి, గ్యాప్ మాత్రం పాత కొలతలోనే వదిలేస్తే, సెన్సర్ ఒకసారి చూస్తుంది, ఇంకోసారి చూడదు. మా లెక్కలో గ్యాప్ ముద్రించిన దూరంలో సగం ఉండాలి. 5కి రెండున్నర, 10కి ఐదు. దానికంటే దగ్గర పెడితే బేరింగు అరిగి షాఫ్టు ఊగిన రోజు బోల్టు తల సెన్సర్ ముఖాన్ని కొట్టేస్తుంది. దూరం పెడితే అదే ఊగుడుకు పల్సులు తప్పిపోతాయి. నాన్‌ఫ్లష్ రకాన్ని ఇనుప బ్రాకెట్‌లో ముఖం దాకా దించి బిగిస్తే అది బోల్టును వదిలేసి బ్రాకెట్‌నే చూస్తూ కూర్చుంటుంది, వెనక చిన్న దీపం ఆరనే ఆరదు. పక్కన లోహం లేకుండా ముఖం బయటికి పొడుచుకుని ఉండేలా బిగించాలి.

షాఫ్టు మీద పెట్టే లక్ష్యపు చక్రం సంగతి ఎవరూ పట్టించుకోరు. షాఫ్టు చివర మధ్యలో రంధ్రం చేసి మర పెట్టి బోల్టుతో బిగించిన చక్రం, లేదా కీ (జారకుండా గాడిలో పెట్టే ఇనుప ముక్క) ఉన్న చక్రం కావాలి. ఒక గ్రబ్ స్క్రూతో (తల లేని చిన్న మరతో) షాఫ్టును పట్టుకునే కాలర్ పెడితే ఆ స్క్రూ వదులైన రోజు షాఫ్టు తిరుగుతుంది, చక్రం తిరగదు. యంత్రం ఊరికే ట్రిప్ అవుతుంది. రెండు మూడుసార్లు అలా అయ్యాక ఎవరో ఒకరు విసుగెత్తి దాన్ని బైపాస్ చేస్తారు. అసలు ప్రమాదం అప్పటినుంచి మొదలవుతుంది. చక్రం మీద బోల్టులు సమాన దూరంలో ఉండాలి, బోల్టు తల వెడల్పు కనీసం సెన్సర్ ముఖమంత ఉండాలి, రెండు తలల మధ్య ఖాళీ తల వెడల్పుకు రెట్టింపు ఉండాలి. ప్రతి బోల్టుకూ లాక్ నట్టు వెయ్యాలి.

ఎన్ని బోల్టులు కావాలన్నది లెక్క కట్టి చూడాలి. ఆర్‌పీఎంను బోల్టుల సంఖ్యతో గుణించి 60తో భాగిస్తే సెకనుకు ఎన్ని పల్సులో వస్తుంది. 75 ఆర్‌పీఎం, నాలుగు బోల్టులు అయితే సెకనుకు 5 పల్సులు, అంటే ఒక పల్సుకూ ఇంకో పల్సుకూ మధ్య 0.2 సెకను. వేగం 60కి పడితే ఆ వ్యవధి 0.25 సెకను అవుతుంది. రిలే ఈ చిన్న తేడాను వెంటనే పట్టుకుంటుంది. అదే 10 ఆర్‌పీఎం తిరిగే నెమ్మది షాఫ్టుకు ఒకే బోల్టు పెడితే పల్సుకూ పల్సుకూ మధ్య 6 సెకన్లు. షాఫ్టు ఆగిపోయిన సంగతి రిలేకు తెలిసేసరికి 6 సెకన్ల పైనే గడిచిపోతుంది. ఎనిమిది బోల్టులు పెడితే 0.75 సెకనుకు దిగుతుంది. నెమ్మది షాఫ్టులకు ఒక సెకనులో ఎన్ని పల్సులొచ్చాయో లెక్కపెట్టే పద్ధతి కంటే, రెండు పల్సుల మధ్య కాలాన్ని కొలిచే రిలే వాడాలి.

వేగంగా తిరిగే షాఫ్టుకు దీనికి పూర్తిగా భిన్నమైన చిక్కు. 1500 ఆర్‌పీఎం షాఫ్టు మీద 100 మిల్లీమీటర్ల వ్యాసార్థంలో ఒక ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టు ఉందనుకోండి. సెకనుకు 25 పల్సులే కదా, ఏ సెన్సరైనా చాలు అనిపిస్తుంది. కానీ ఆ చోట అంచు వేగం సెకనుకు 15.7 మీటర్లు. 13 మిల్లీమీటర్ల బోల్టు తల సెన్సర్ ముందు నుంచి 0.83 మిల్లీసెకనులో దాటిపోతుంది. పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్) మామూలు ఇన్‌పుట్‌లో సాధారణంగా 3 మిల్లీసెకన్ల ఫిల్టర్ (అంతకంటే చిన్న సంకేతాలను వదిలేసేది) ఉంటుంది, పైగా ప్రోగ్రాం ఒక చుట్టు తిరగడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. బోల్టు వచ్చిందీ లేదు, పోయిందీ లేదు, పీఎల్‌సీకి ఏమీ తెలియదు. సెన్సర్ దీపం వెలుగుతోంది, కేబుల్ బాగుంది, వోల్టేజి ఉంది, అయినా పల్సు రావట్లేదని గంటలు గంటలు వెతికేది ఈ తప్పుకే. హైస్పీడ్ కౌంటర్ ఇన్‌పుట్ వాడాలి, లేదా విడిగా స్పీడ్ రిలే పెట్టాలి. కుదిరితే బోల్టు తీసేసి వెడల్పాటి ఉక్కు పలక పెట్టాలి. ఏసీతో పనిచేసే రెండు తీగల ప్రాక్సిమిటీల్లో చాలావాటి స్విచింగ్ వేగం 25 హెర్ట్జ్ చుట్టుపక్కలే. వాటిని వేగంగా తిరిగే షాఫ్టుకు వాడితే సగం పల్సులు మింగేస్తాయి, ఉన్న వేగంలో సగమే చూపిస్తాయి.

స్టార్టు బైపాస్ టైమర్ విషయం. ఆగి ఉన్న యంత్రం వేగం సున్నా కాబట్టి, బటన్ నొక్కగానే అండర్‌స్పీడ్ రిలే ట్రిప్ చెయ్యకుండా కొన్ని సెకన్లు దాన్ని పక్కన పెట్టాలి. ఆ కొన్ని సెకన్లు ఎన్నో గడియారం పట్టి కొలవాలి. నిండుగా లోడు ఉన్నప్పుడు యంత్రం పూర్తి వేగానికి 8 సెకన్లలో చేరితే, టైమరు 10 లేదా 11 పెట్టాలి. ఎందుకైనా మంచిదని 60 పెట్టేవాళ్లున్నారు. ఇరుక్కున్న ఎలివేటర్‌ను స్టార్టు చేస్తే ఆ 60 సెకన్లూ బెల్టు కాలుతుంది. ట్రిప్ అయ్యాక ఆపరేటర్ మళ్లీ నొక్కుతాడు, ఇంకో 60 సెకన్లు. మూడోసారికి అంటుకుంటుంది. అందుకని అండర్‌స్పీడ్ ట్రిప్ అయ్యాక దానంతట అది రీసెట్ కాకూడదు. మనిషి యంత్రం దగ్గరికి వెళ్లి, బూటు తలుపు తీసి, కారణం చూసి వచ్చాకే రీసెట్ బటన్ పనిచేయాలి. ఆ బటన్‌ను కంట్రోల్ రూమ్‌లో కాక యంత్రం పక్కన పెట్టడం మంచిది.

ఈ వరుసలో మరో మాట. ఒక కన్వేయర్ ఆగితే దానికి సరుకు పోసేవన్నీ అదే క్షణాన ఆగాలి. కింది బెల్టు ఆగి పై బెల్టు పోస్తూ ఉంటే సరుకు కుప్పపడి టెయిల్ పుల్లీ కూరుకుపోతుంది.

వైరింగు ఎప్పుడూ తెగితే ఆగేలా ఉండాలి. షాఫ్టు సరైన వేగంలో ఉన్నప్పుడు రిలే కాయిల్‌కు కరెంటు ఉండి కాంటాక్టు మూసి ఉండాలి. తీగ తెగినా, సరఫరా పోయినా, రిలే కాలిపోయినా కాంటాక్టు తెరుచుకుని యంత్రం ఆగుతుంది. పల్సులతో పనిచేయడంలో ఉన్న సుగుణం ఏమిటంటే, సెన్సర్ ఆన్ స్థితిలో చచ్చిపోయినా, ఆఫ్ స్థితిలో చచ్చిపోయినా పల్సులు ఆగిపోతాయి, రిలేకు రెండూ ఆగిన షాఫ్టులాగే కనిపిస్తాయి. ధూళి పేలే చోట వాడే నామూర్ రకం సెన్సర్ (చాలా తక్కువ విద్యుత్తుతో పనిచేసేది) ఇంకో మెట్టు పైన. దానికి 8.2 వోల్టులు ఇస్తారు. అందులో పారే కరెంటు 1.2 మిల్లీఆంపియర్ల కంటే తక్కువా, 2.1 కంటే ఎక్కువా అన్నదాన్ని బట్టి ఎదురుగా లోహం ఉందో లేదో తెలుస్తుంది. కరెంటు దాదాపు సున్నాకు పడితే తీగ తెగిందని, 6 దాటితే తీగలు కలిశాయని యాంప్లిఫయర్ విడిగా చెప్పేస్తుంది.

పల్సులున్నాయి కాబట్టి షాఫ్టు తిరుగుతోందని మాత్రం కళ్లు మూసుకుని నమ్మకూడదు. షాఫ్టు ఆగిన క్షణాన బోల్టు తల సరిగ్గా సెన్సర్ అంచున నిలిచి, పక్క యంత్రం అదురుకు అటూఇటూ ఊగితే, సెన్సర్ ఆన్ ఆఫ్ అవుతూ దొంగ పల్సులు పంపుతుంది. గ్యాప్ ఎక్కువగా ఉన్నప్పుడే ఇది ఎక్కువ జరుగుతుంది. రెండు సెన్సర్లు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి వరుసలో వస్తేనే లెక్కపెట్టేలా చేస్తే ఈ మోసం పోతుంది, తిరిగే దిశ కూడా తెలుస్తుంది. వేరియబుల్ స్పీడ్ డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) కేబుల్ పక్కనే సెన్సర్ కేబుల్ పరిస్తే దాని రొద కూడా పల్సుల్లాగే లెక్కకొస్తుంది. ఆగిన షాఫ్టుకు ఉన్నట్టుండి వేల ఆర్‌పీఎం కనిపించిందంటే దాదాపు అదే కారణం. షీల్డు (లోహపు తొడుగు) ఉన్న కేబుల్ వాడి, షీల్డును ఒక చివరే ఎర్త్ చేసి, పవర్ కేబుళ్లకు కనీసం అడుగు దూరంలో నడపాలి. దాటక తప్పని చోట అడ్డంగా, లంబంగా దాటించాలి.

ఇంతవరకూ చెప్పింది వేగం తగ్గడం గురించి. వేగం పెరగడం ఇంకా భయంకరం, ఎందుకంటే అక్కడ ఆలోచించుకునే వ్యవధి ఉండదు. తిరిగే చక్రంలో దాగిన శక్తీ, దాన్ని చీల్చే ఒత్తిడీ వేగం వర్గంతో పెరుగుతాయి. 110 శాతం వేగానికి 1.21 రెట్లు, 120కి 1.44 రెట్లు, 150కి 2.25 రెట్లు. ఆవిరి టర్బైన్ నిండు లోడులో ఉండగా జనరేటర్ బ్రేకర్ (గ్రిడ్‌తో కలిపే పెద్ద స్విచ్) తెరుచుకుంటే లోడు పోతుంది, ఆవిరి మాత్రం వస్తూనే ఉంటుంది. సున్నా నుంచి పూర్తి వేగానికి నిండు ఆవిరితో 8 సెకన్లు పట్టే రోటరును (తిరిగే భాగాన్ని) తీసుకుంటే, లోడు ఊడిన క్షణం నుంచి వేగం సెకనుకు 12.5 శాతం చొప్పున పెరుగుతుంది. 3000 ఆర్‌పీఎం యంత్రానికి ట్రిప్ 110 శాతం, అంటే 3300 దగ్గర ఉందనుకోండి. వాల్వు మూసుకోవడానికి 0.3 సెకను పడితే ఆలోపు మరో 112 ఆర్‌పీఎం కలుస్తాయి. రోటరు తేలికైనదై 2 సెకన్లలోనే పూర్తి వేగం అందుకునేదైతే, అదే 0.3 సెకనులో 15 శాతం పెరిగి 125 శాతానికి చేరుతుంది. పంపునో కంప్రెసర్‌నో నడిపే చిన్న టర్బైన్‌లో కప్లింగు విరిగితే అవతలి బరువంతా ఒక్కసారిగా ఊడిపోతుంది, రోటరు ఇంకా తేలికవుతుంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ 670 ప్రమాణం ఓవర్‌స్పీడ్‌ను గుర్తించే వ్యవస్థ 40 మిల్లీసెకన్లలో రిలేను కదిలించాలని అన్నది అందుకే. మూడు వేర్వేరు సెన్సర్లు, మూడింటిలో రెండు ఒప్పుకుంటే ట్రిప్ అన్న పద్ధతీ అందుకే. ఒక సెన్సర్ అబద్ధం చెప్పినా యంత్రం అనవసరంగా ఆగదు, ఒకటి గుడ్డిదైనా రక్షణ పోదు.

ఇక్కడ అండర్‌స్పీడ్‌కు పూర్తిగా విరుద్ధమైన ప్రమాదం ఒకటుంది. గవర్నర్‌కు (వేగాన్ని అదుపులో ఉంచే పరికరానికి) వేగం చెప్పే సెన్సర్ చచ్చిపోతే గవర్నర్‌కు కనిపించేది సున్నా వేగం. వేగం తగ్గిపోయిందనుకుని అది ఆవిరి వాల్వును ఇంకా తెరుస్తుంది. అసలు షాఫ్టు మాత్రం పైకి పైకి పోతుంది. ఇది కొత్త జబ్బేమీ కాదు. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి రెండు బంతుల గవర్నర్ తగిలించాక, ఆ గవర్నర్‌ను తిప్పే బెల్టు తెగితే జరిగేదీ ఇదే. బంతులు కిందికి దిగేవి, ఆవిరి తలుపు బార్లా తెరుచుకునేది, యంత్రం పరుగు అందుకునేది. బెల్టు స్థానంలో కేబుల్ వచ్చిందంతే. కాబట్టి గవర్నర్ సెన్సర్లు వేరు, ఓవర్‌స్పీడ్ సెన్సర్లు వేరుగా ఉండాలి. యంత్రం నడుస్తుండగా సంకేతం ఒక్కసారిగా సున్నాకు పడితే దాన్ని తక్కువ వేగంగా కాక, సెన్సర్ వైఫల్యంగా లెక్కించి ట్రిప్ చెయ్యాలి.

సెన్సర్ చూసినంత మాత్రాన సరిపోదనడానికి సేలం ఘటన చాలు. 1991 నవంబరు 9న అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని సేలం అణు విద్యుత్ కేంద్రం రెండో యూనిట్‌లో టర్బైన్ రక్షణను పరీక్షిస్తుండగా, 1800 ఆర్‌పీఎం తిరగాల్సిన యంత్రం దాదాపు 2900కి వెళ్లింది. ఆవిరి వాల్వులను మూయించాల్సిన సాలినాయిడ్ వాల్వులు (విద్యుత్తుతో కదిలే చిన్న వాల్వులు) ఇరుక్కుని కదల్లేదు. బ్లేడ్లు కేసింగును చీల్చుకుని బయటపడ్డాయి, జనరేటర్‌లోని హైడ్రోజన్ అంటుకుంది. ఆజ్ఞ బయల్దేరినా ఆ చిన్న వాల్వులు కదలనందుకు అంత జరిగింది. అందుకే పరీక్ష అంటే ప్యానెల్ మీద ‘ఓవర్‌స్పీడ్’ దీపం వెలిగించి చూడటం కాదు. సిగ్నల్ జనరేటర్‌తో సెన్సర్ స్థానంలో కృత్రిమ పల్సులు ఇచ్చి రిలే ఏ సంఖ్య దగ్గర పడిందో రాసుకోవాలి, ప్రతి సాలినాయిడ్‌నూ ఒక్కొక్కటిగా కదిలించాలి, ఆవిరి వాల్వు స్టెమ్ (కాడ) నిజంగా జారిందో లేదో కళ్లతో చూడాలి. ఆవిరితో వచ్చే లవణాలు ఆ స్టెమ్ చుట్టూ గట్టిపడి, నెలల తరబడి కదలని వాల్వును అవసరమైన రోజు కదలనివ్వవు.

వెనక్కి తిరగడం గురించి రెండు మాటలు. పంపు ఆగాక నాన్‌రిటర్న్ వాల్వు పట్టకపోతే పైపులోని నీరు వెనక్కి వచ్చి పంపును ఎదురు దిశలో తిప్పుతుంది. ఆ స్థితిలో మోటారు స్టార్టు చేస్తే షాఫ్టు మెలిపడి విరగవచ్చు. షాఫ్టు ఆగిందని స్పీడ్ రిలే చెప్పేదాకా స్టార్టు బటన్ పనిచేయకుండా ఇంటర్‌లాక్ పెట్టాలి. ఆగిన టర్బైన్‌కు టర్నింగ్ గేర్ (రోటరును నెమ్మదిగా తిప్పే గేర్) తగిలించేటప్పుడూ అంతే, షాఫ్టు నిజంగా సున్నాకు వచ్చిందని తెలియకుండా తగిలిస్తే పళ్లు ఊడతాయి.

వేగం అన్నీ చెప్పదని కూడా ఒప్పుకోవాలి. రియాక్టర్ లోపల తెడ్డు షాఫ్టు నుంచి ఊడి అడుగున పడితే షాఫ్టు మామూలు వేగంతోనే తిరుగుతుంది. అక్కడ కరెంటు తగ్గడమే గుర్తు. బేరింగు వేడెక్కడం, బెల్టు పక్కకు జరగడం స్పీడ్ రిలేకు కనిపించవు. వాటికి వేరే సెన్సర్లు ఉండాలి.

బైపాస్ గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేం. ప్యానెల్‌లో స్పీడ్ రిలే కాంటాక్టు రెండు టెర్మినళ్ల మధ్య చిన్న తీగ ముక్క వెయ్యడం ఒక పద్ధతి. సెన్సర్‌ను టెయిల్ షాఫ్టు దగ్గర నుంచి తీసి, ఆగకుండా తిరిగే మరేదైనా కప్లింగు ముందు పెట్టడం ఇంకో పద్ధతి. రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే ప్యానెల్ ఎంత వెతికినా తీగ ముక్క కనిపించదు. ఇలా చేసేవాళ్లు దుర్మార్గులేమీ కారు. షిఫ్టులో నాలుగుసార్లు ఊరికే ట్రిప్ అయితే, ఉత్పత్తి ఆగిందని పైనుంచి మాటపడితే, ఎవరికైనా ఆ ఆలోచన వస్తుంది. ఊరికే ట్రిప్ కావడానికి కారణం దాదాపు ఎప్పుడూ వదులైన బ్రాకెట్టో, పెరిగిన గ్యాపో, తక్కువైన టైమరో అయి ఉంటుంది. వాటిని సరిచెయ్యడానికి అరగంట చాలు. యాజమాన్యాలు ఆ అరగంట ఇవ్వాలి. బైపాస్ తప్పనిసరైతే ఎవరు, ఎప్పుడు, ఎంతసేపటికి అన్నది రిజిస్టరులో సంతకంతో ఉండాలి, షిఫ్టు మారేటప్పుడు నోటితోనూ చెప్పాలి.

తనిఖీకి వెళ్లే అధికారులైనా, ప్రమాదస్థలానికి వెళ్లే విలేకరులైనా ఒక చిన్న పరీక్ష అడగవచ్చు. యంత్రం ఖాళీగా నడుస్తుండగా, టెయిల్ షాఫ్టు గార్డు బయటి నుంచి సెన్సర్ కేబుల్ కనెక్టర్‌ను విప్పమనండి. గార్డు మాత్రం తియ్యనివ్వకండి. మోటారు కొద్ది సెకన్లలో ఆగాలి. ఆగకపోతే ప్యానెల్ తలుపు తెరిపించి, తీగ ముక్క ఎక్కడుందో వెతికించండి. ఆగితే కనెక్టర్ బిగించి, రీసెట్ చేసి, చేతిలో పట్టుకునే టాకోమీటరుతో షాఫ్టు వేగం కొలిపించి, ప్యానెల్ మీది అంకెతో పోల్చి చూడండి.

ఇట్లు,
తిరిగే యంత్రాల రక్షణ, ఇన్‌స్ట్రుమెంటేషన్ పనుల్లో ఉన్న ఇంజినీర్లు, టెక్నీషియన్లు